వేడి చేసిందిలే అని ఊరుకున్నాం

ఈ సంచికకి కవిత ఇస్తానని ఎడిటర్‌కి మాటిచ్చాను. ఇచ్చింది మూత్రం గురించి వ్యాసం. మెయిల్ పంపాక తన నుంచి గంటసేపు రిప్లై లేదు, తర్వాత "నిజంగానేనా?" అని ఒక్క మాట వచ్చింది. నిజంగానే.

మన సాహితీ క్లబ్‌లో పదాల మీద ప్రేమ ఉన్నవాళ్ళం కదా, ముందు ఒక పదాల సంగతి. ఈ పనికి తెలుగులో ఎన్ని ముసుగులో చూడండి. "ఒకటికి వెళ్ళొస్తా", "ఒంటికి వెళ్ళాలి", పుస్తకాల్లో "లఘుశంక", బస్సు ఆగితే "ఇప్పుడే వస్తా", హాస్టల్లో "వాష్‌రూమ్". అసలు పేరు పలికితే తిట్టులాగా ఉంటుంది. పేరే పలకలేని చోట నొప్పి వస్తే ఎవరికి చెప్తాం, ఎలా చెప్తాం? అందుకే ఈ వ్యాసంలో మూత్రం అనే రాస్తాను. అబ్బాయిలూ, పేజీ తిప్పెయ్యకండి. మీ ఇళ్ళల్లోనూ అమ్మలున్నారు.

నా కథ రెండో సంవత్సరం రెండో సెమిస్టర్‌లో మొదలైంది. మా ల్యాబులున్న బ్లాక్‌లో మూడో అంతస్తు అమ్మాయిల వాష్‌రూమ్‌కి గడియ ఉండదు, మధ్యాహ్నం పన్నెండు దాటితే నీళ్ళూ ఉండవు. దానికి మేం కనిపెట్టిన ఇంజనీరింగ్ పరిష్కారం నీళ్ళు తాగడం మానెయ్యడం. పొద్దున టిఫిన్ దగ్గర అర గ్లాసు, మళ్ళీ సాయంత్రం నాలుగున్నరకి హాస్టల్‌కి వచ్చాకే. బ్యాగులో వాటర్ బాటిల్ ఉండేది, అలంకారానికి.

మార్చిలో మంట మొదలైంది. పోసేటప్పుడు చురుక్కుమనడం, అయిపోయాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపించడం, పది నిమిషాలకోసారి పరిగెత్తడం, తీరా వెళ్తే నాలుగు చుక్కలు. రూమ్మేట్లు ముగ్గురూ ఒక్క గొంతుతో చెప్పేశారు: "వేడి చేసింది". సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు, మెస్‌లో పెరుగన్నం తప్ప ఇంకేం తిననివ్వలేదు. ఫోన్‌లో అమ్మ బార్లీ నీళ్ళు అంది. వీటిని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. బార్లీ నీళ్ళ పుణ్యమా అని కడుపులోకి నీళ్ళయితే వెళ్ళాయి, ఒక రోజు తగ్గినట్టే అనిపించింది. మూడో రోజు మళ్ళీ మొదలైతే మెడికల్ షాపుకి వెళ్ళి, అబ్బాయి ముందు సగం సగం చెప్పి, అతను ఇచ్చిన యాంటీబయాటిక్ బిళ్ళలు రెండు మింగాను. మంట తగ్గింది, మిగతావి మానేశాను.

తొమ్మిది రోజుల తర్వాత, మిడ్స్ ముందు రోజు రాత్రి, పళ్ళు కొట్టుకునేంత చలి, జ్వరం 103, వాంతులు, కుడివైపు పక్కటెముకల కింద వెనక భాగంలో ఎవరో గుద్దుతున్నట్టు నొప్పి. మూత్రాశయంలో ఉన్న ఇన్ఫెక్షన్ పైకి ఎక్కి కిడ్నీని పట్టుకుందన్నమాట. మూడు రోజులు సెలైన్ స్టాండ్‌కి కట్టేసినట్టు పడుకున్నాను. కల్చర్ రిపోర్ట్ వచ్చాక చూస్తే, ఈ.కోలై అనే బ్యాక్టీరియా, దాని కింద మందుల జాబితా, ఒక్కోదాని పక్కన 'ఎస్' లేదా 'ఆర్'. ఎస్ అంటే ఆ మందుకి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. నేను మెడికల్ షాపులో కొని మింగిన మందు పక్కన ఆర్ ఉంది.

ఇక్కడ కాస్త పాఠం.

ఆడవాళ్ళకే ఇది ఎందుకెక్కువ? ప్లంబింగ్ తేడా. మూత్రాశయం నుంచి బయటికొచ్చే గొట్టం మగవాళ్ళలో దాదాపు 20 సెంటీమీటర్లు, మనకి 4. పైగా ఆ ద్వారం మలద్వారానికి దగ్గర. పేగుల్లో బుద్ధిగా బతికే ఈ.కోలైకి ఇది నాలుగడుగుల ప్రయాణం. అందుకే సగం మందికి పైగా ఆడవాళ్ళకి జీవితంలో ఒక్కసారైనా ఈ ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇది శుభ్రత లేకపోవడం వల్ల వచ్చే రోగం అనుకుని సిగ్గుపడేవాళ్ళు చాలామంది. నేనూ అనుకున్నాను. ముందు నుంచి వెనక్కి కడుక్కోవడం, తుడుచుకోవడం మంచి అలవాటే కానీ, అసలు కారణం శరీర నిర్మాణం. లైంగిక సంబంధం మొదలయ్యాక కూడా ఈ అవకాశం పెరుగుతుంది. అందుకే పెళ్ళైన కొత్తలో చాలామందికి వస్తుంది. అదీ తప్పు కాదు, మెకానిక్స్.

మరి బిగబట్టుకోవడం సంగతి? హాస్పిటల్ మంచం మీద పనిలేక ఒక బొమ్మ లెక్క వేశాను. ఈ.కోలైకి ల్యాబ్‌లో మంచి మేత పెడితే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మూత్రంలో అంత జోరు ఉండదని, నలభై నిమిషాలనుకుందాం. ఆరు గంటలు బిగబడితే తొమ్మిది రెట్టింపులు, అంటే 512 రెట్లు. ఇప్పుడు 300 మిల్లీలీటర్లు నిండాక పోసేస్తే లోపల 10 మిల్లీలీటర్లు మిగిలాయనుకోండి, ముప్పై వంతుల్లో ఒక వంతు బ్యాక్టీరియా మిగులుతుంది. 512ని 30తో భాగిస్తే 17. అంటే ఆరు గంటలకోసారి వెళ్తే ప్రతిసారీ 17 రెట్లు పెరుగుతూ పోతుంది. అదే బాగా నీళ్ళు తాగి మూడు గంటలకే 300 నింపి పోసేస్తే? మూడు గంటల్లో పెరిగేది 23 రెట్లు, కడిగేది 30 రెట్లు. ఒకటి కంటే తక్కువ. ట్యాంకు దానంతటదే శుభ్రమవుతోంది.

ఇది బొమ్మ లెక్కే. నిజంగా బ్యాక్టీరియా గోడకి అతుక్కుంటుంది, మన రక్షణ కణాలూ పోరాడతాయి, ఇన్ని తేడాలున్నాయి. కానీ లెక్క చూపించే దిక్కు సరైనదే. 2018లో పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం చదివాను. తరచూ ఇన్ఫెక్షన్ వస్తూ, రోజుకి లీటరున్నర కంటే తక్కువ తాగే 140 మంది ఆడవాళ్ళని తీసుకుని, సగం మందిని రోజూ ఇంకో లీటరున్నర నీళ్ళు అదనంగా తాగమన్నారు. ఏడాదిలో మామూలుగా ఉన్నవాళ్ళకి సగటున 3.2 సార్లు వస్తే, నీళ్ళు తాగినవాళ్ళకి 1.7 సార్లు. మందు లేదు, మాత్ర లేదు. ఇంకా వెనక్కి వెళ్తే, చరక సంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయం మొదలయ్యేదే బిగబట్టకూడని వేగాలతో. పదమూడింటిలో మొదటిది మూత్రం. ఆ అధ్యాయాన్ని మా బ్లాక్ మూడో అంతస్తులో తలుపుకి అంటించాలని ఉంది. ముందు ఆ తలుపుకి గడియ పెడితే.

ఇక పరీక్షలు. 'యూరిన్ రొటీన్' అని రాసిచ్చే పరీక్ష ఊరి ల్యాబుల్లో కూడా తక్కువ ఖర్చుతో అవుతుంది, కానీ దాన్ని పాడుచేసేది మనమే. డబ్బాలో మొదటి ధార పట్టకూడదు. కడుక్కుని, మొదట కొంచెం వదిలేసి, మధ్యలో ధారని పట్టి, చివరిది మళ్ళీ వదిలెయ్యాలి. పట్టిన డబ్బాని కల్చర్‌కి ఇస్తుంటే రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. బ్యాగులో పెట్టుకుని మధ్యాహ్నం దాకా తిరిగితే, పైన వేసిన లెక్కే డబ్బాలో కూడా జరిగిపోతుంది, లేని జబ్బు రిపోర్ట్‌లో కనిపిస్తుంది. రిపోర్ట్‌లో 'ఎపిథీలియల్ సెల్స్' చాలా ఎక్కువుంటే శాంపిల్ సరిగ్గా పట్టలేదేమోనని అనుమానించాలి. 'పస్ సెల్స్ 2-4' అని చూసి చీము వచ్చిందని ఏడ్చిన మా ఫ్రెండ్‌కి ప్రత్యేకంగా చెప్తున్నాను: ఐదు దాకా మామూలే.

నాకు బాగా నచ్చింది రంగులు మారే ఆ కాగితం పుల్ల. దాని మీద నైట్రైట్ అని ఒక గడి ఉంటుంది. ఈ.కోలై లాంటివి మూత్రంలోని నైట్రేట్‌ని నైట్రైట్‌గా మారుస్తాయి. ఆ నైట్రైట్ గడిలో ఉన్న ఎమీన్‌తో కలిసి డయజోనియం లవణం అవుతుంది, అది ఇంకో పదార్థంతో కప్లింగ్ చెంది గులాబీ రంగు వస్తుంది. ఇంటర్ సెకండియర్‌లో ఎంసెట్ కోసం బట్టీపట్టి మర్చిపోయిన చర్య! దాన్ని మళ్ళీ నా మూత్రంలోనే చూడాల్సి వస్తుందని అప్పుడు ఎవరూ చెప్పలేదు. బ్యాక్టీరియాకి ఈ పని చెయ్యడానికి నాలుగు గంటలైనా పడుతుంది కాబట్టి పొద్దున్నే పట్టిన మొదటి మూత్రంలో బాగా తెలుస్తుంది. గడి రంగు మారనంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని కాదు. నైట్రైట్ తయారుచెయ్యని బ్యాక్టీరియా కూడా ఉన్నాయి.

అయితే ఏ బాధా లేని అమ్మాయి ఏటా వెళ్ళి యూరాలజీ చెకప్ చేయించుకోవాలా? అక్కర్లేదు. ఇది నేను గట్టిగానే చెప్తాను, ఎందుకంటే 'ఫుల్ బాడీ ప్యాకేజీ' మెసేజ్‌లు మనందరికీ వస్తున్నాయి. మంట, జ్వరం ఏమీ లేకుండా మూత్రంలో ఊరికే బ్యాక్టీరియా కనిపించడం చాలామందిలో ఉంటుంది. దానికి యాంటీబయాటిక్ వేస్తే లాభం లేదు, మందుకి లొంగని బ్యాక్టీరియాని పెంచుకోవడం తప్ప. దీనికి పెద్ద మినహాయింపు గర్భిణులు. వాళ్ళలో బాధ లేకపోయినా వదిలేస్తే వందలో ఇరవై నుంచి నలభై మంది దాకా కిడ్నీ ఇన్ఫెక్షన్‌లోకి వెళ్ళొచ్చు, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదమూ పెరుగుతుంది. అందుకే గర్భం వచ్చిన తొలి నెలల్లోనే మూత్ర పరీక్ష చేస్తారు. మీ అక్కో వదినో కడుపుతో ఉండి "నాకేం మంట లేదుగా, ఎందుకా టెస్టు" అంటే ఇది చెప్పండి.

మిగతావాళ్ళలో ఎవరు వెళ్ళాలి? ఆరు నెలల్లో రెండుసార్లు, ఏడాదిలో మూడుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళు. రాళ్ళు వచ్చినవాళ్ళు. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు ఏటా మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. క్రియాటినిన్ ఒక మాయదారి సంఖ్య. కిడ్నీల పనితనం సగం దాకా పోయినా అది మామూలుగానే కనిపించొచ్చు, అందుకే దాంతో లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్‌ని అడగాలి. మా క్లాసులో కవిటి వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో షుగర్, బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పాడవుతాయని, కారణం ఇదీ అని ఇంకా పూర్తిగా తేలలేదని మనం పేపర్లో చదివి వదిలేస్తాం. ఆ అమ్మాయి మాత్రం సెలవులకి ఇంటికెళ్ళిన ప్రతిసారీ రక్తం ఇచ్చి వస్తుంది. ఆ జబ్బులో చాలాకాలం నొప్పి ఉండదు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. రక్త పరీక్షే దిక్కు.

ఇంకొకటి, నొప్పి లేకుండా మూత్రంలో రక్తం. నొప్పి లేదు కదా అని వదిలేస్తారు, కానీ నొప్పి లేకపోవడమే అక్కడ ఎక్కువ భయపెట్టాల్సిన విషయం. ముఖ్యంగా నలభై దాటినవాళ్ళలో, పొగతాగేవాళ్ళలో అది మూత్రాశయ క్యాన్సర్‌కి మొదటి గుర్తు కావచ్చు. ఆడవాళ్ళలో దాన్ని నెలసరి అనో, ఇన్ఫెక్షన్ అనో అనుకుని మళ్ళీ మళ్ళీ మందులు వాడుతూ ఆలస్యం చెయ్యడం జరుగుతుంది. ముందురోజు బీట్‌రూట్ తినుంటే తప్ప, ఒక్కసారి కనిపించినా చూపించుకోవాల్సిందే.

ఇంతవరకూ నా గురించి. ఈ వ్యాసం రాయడానికి కారణం మాత్రం అమ్మ.

డిశ్చార్జ్ అయిన రెండు వారాలకి చెకప్‌కి వెళ్ళాం. యూరాలజిస్ట్ అంటే మగవాళ్ళ డాక్టరనే అనుకుంది అమ్మ, బయట బోర్డు రెండుసార్లు చదివింది. లోపల ఆవిడ నన్ను వరసగా ప్రశ్నలు అడుగుతున్నారు. రోజుకి ఎన్నిసార్లు వెళ్తావు, రాత్రి లేస్తావా, ధార మధ్యలో ఆగుతుందా. కొన్ని ప్రశ్నలకి ముందు "అమ్మా, మీరు రెండు నిమిషాలు బయట కూర్చుంటారా" అని అమ్మని పంపించారు. (డాక్టర్ అలా అడక్కపోతే మీరే అడగండి, అది మీ హక్కు.) తర్వాత అమ్మని పిలిచి మళ్ళీ కొనసాగించారు: "దగ్గినా తుమ్మినా, బరువెత్తినా మూత్రం పడుతుందా?" లేదన్నాను. పక్కన అమ్మ చీర కొంగు మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది.

బస్సులో, పేట దగ్గరకొచ్చాక, కిటికీ వైపు చూస్తూ అంది: "ఆవిడ అడిగింది చూడు, అది నాకుందే. తమ్ముడు పుట్టినప్పటి నుంచి."

తమ్ముడికి పదిహేనేళ్ళు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అమ్మ ప్రైమరీ స్కూల్ టీచర్. పిల్లలతో తాడాట ఆడే టీచరమ్మ ఎప్పుడో ఆడటం మానేసింది. పెళ్ళిళ్ళకి వెళ్తే చివరి వరసలో గుమ్మం పక్కన కూర్చుంటుంది. మేమంతా తిరుపతి వెళ్తుంటే "ఇంటికి తాళం వేస్తే ఎలా" అని ఉండిపోయింది. నల్లంచు ముదురు రంగు చీరలే కడుతుంది, అవంటే ఇష్టమనుకున్నాను. జలుబు చేస్తే స్కూల్‌కి సెలవు పెడుతుంది, సుకుమారం అని నాన్న ఆటపట్టించేవాడు. నేనూ నవ్వేదాన్ని.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాను. "మీ అమ్మమ్మకి చెప్పాను. పిల్లల్ని కన్నాక అందరికీ అంతేలే అంది." అందరికీ అన్నమాట చాలావరకు నిజమే, చాలామందికి ఉంటుంది. అంతేలే అన్నదే నిజం కాదు.

తర్వాతి నెల అదే డాక్టర్ దగ్గరికి అమ్మని తీసుకెళ్ళాను. ఈసారి బయట కూర్చున్నది నేను. ముందు మూడు రోజుల డైరీ రాయమన్నారు: ఎంత తాగింది, ఎప్పుడు వెళ్ళింది, ఎంత పోసింది, ఎప్పుడు కారింది. అమ్మ ఒక ప్లాస్టిక్ కొలత జగ్గు కొని, లెసన్ ప్లాన్ రాసే పుస్తకంలో గళ్ళు గీసి, ఎర్ర ఇంకుతో, నీలం ఇంకుతో రాసింది. అంత చక్కటి డేటా మా ల్యాబ్ రికార్డుల్లో కూడా చూడలేదు. పోసిన తర్వాత లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూశారు. పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి 0.52తో గుణిస్తారు. ఆ 0.52 ఎక్కడిదా అని ఆలోచిస్తే పై బై ఆరు, దీర్ఘగోళం ఘనపరిమాణం! 4, 3, 3 సెంటీమీటర్లు, సుమారు 19 మిల్లీలీటర్లు. యాభై లోపు ఉంటే మంచిదే. షుగర్ పరీక్ష చేశారు, ఇన్ఫెక్షన్ లేదని చూసుకున్నారు, మూత్రాశయం నిండా ఉన్నప్పుడు దగ్గమని పరీక్షించారు.

కారడంలో రెండు రకాలున్నాయట. దగ్గు, తుమ్ము, బరువు లాంటి ఒత్తిడికి కారేది ఒకటి. అర్జెంటుగా వచ్చి బాత్రూమ్ చేరేలోపే పడిపోయేది ఇంకొకటి. కొందరికి రెండూ కలిసి ఉంటాయి. వైద్యం వేరు వేరు, అందుకే ఆ డైరీ. అమ్మది మొదటి రకం. వాల్వ్ కింద ఆసరాగా ఉండే కటి కండరాలు కాన్పుల్లో సాగి బలహీనపడ్డాయి. దానికి మొదటి వైద్యం మందూ కాదు, ఆపరేషనూ కాదు, వ్యాయామం. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్ట్ వీటి గురించి రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. గ్యాస్ బయటికి పోకుండా ఆపుకుంటున్నట్టు ఆ కండరాన్ని లోపలికి, పైకి బిగించాలి, కొన్ని సెకన్లు ఉంచి వదలాలి. ఎనిమిదేసి సార్లు, రోజుకి మూడు విడతలు, కనీసం మూడు నెలలు. పొట్ట బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీస్ చెయ్యమని కొందరు చెప్తారు, అది అలవాటు చేసుకోకూడదు. చాలామంది తప్పు కండరాన్ని బిగిస్తారు కాబట్టి మొదటిసారి ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోవడం మంచిది. వీటితో సరిపోకపోతే ఆపరేషన్లున్నాయి, కానీ అది తర్వాతి మాట.

అమ్మకి డాక్టర్ చెప్పిన ఇంకో మాట: కారుతోందని నీళ్ళు తగ్గించకండి. తక్కువ తాగితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా చికాకు పెడుతుంది. కాఫీ మాత్రం తగ్గించమన్నారు. అమ్మకి అదొక్కటే కష్టమైంది. వ్యాయామం స్టాఫ్ రూమ్‌లో కాపీలు దిద్దుతూ చేస్తుందట, ఎవరికీ తెలియదు. "మా హెచ్చెమ్ నాకు ఏకాగ్రత పెరిగిందన్నాడే" అని నవ్వింది.

అమెరికాలో ఆడవాళ్ళ నివారణ వైద్యం గురించి చెప్పే నిపుణుల బృందం 2018లో, ప్రతి స్త్రీనీ ఏడాదికోసారి ఈ కారడం గురించి అడగాలని సిఫారసు చేసింది. యంత్రాలతో చేసే పరీక్ష కాదు, ఊరికే అడగడం. మా అమ్మకి పదిహేనేళ్ళలో ఆ ప్రశ్న ఒక్కసారీ ఎవరూ వెయ్యలేదు. జ్వరానికి వెళ్ళింది, నడుం నొప్పికి వెళ్ళింది, ఎవరూ అడగలేదు. తను చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు మా వింగ్‌లో కొన్ని మార్పులొచ్చాయి. పది గంటల క్లాసు తర్వాత, ఒంటిగంటకి, మూడింటికి ఎవరికి రాకపోయినా వెళ్తాం, ఇద్దరిద్దరుగా, గడియ లేని తలుపుకి ఒకరు కాపలా. గడియ కోసం రెండు అర్జీలు పెట్టాం. మూడోది ఈ వ్యాసం అనుకోండి.

అమ్మకి నాలుగో నెల నడుస్తోంది. నిన్న రాత్రి ఫోన్‌లో మాట్లాడుతుంటే గట్టిగా తుమ్మింది. ఒక్క క్షణం ఇద్దరం మాట్లాడలేదు.

"ఏం కాలేదే," అంది. "దసరాకి తిరుపతి టికెట్లు దొరుకుతాయేమో చూడు."